మధుమేహంలో అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు

మధుమేహ వ్యాధి కొన్ని సంవత్సరాలుగా ఉన్నవారిలో చాలామందిని వేధించే బాధ ఇది. రాత్రి పడుకోగానే అరికాళ్ళు మండుతాయి. సూదులతో పొడిచినట్లు, చీమలు పాకినట్లు ఉంటుంది. కొందరు దుప్పటి తగిలినా ఓర్వలేరు. మరికొందరికి దూదిమీద నడుస్తున్నట్లు తోస్తుంది. కాలి చెప్పు జారిపోయినా తెలియదు. ఈ రెండవ స్థితియే ఎక్కువ ప్రమాదకరం. మంట బాధించినా హెచ్చరిస్తుంది. మొద్దుబారిన పాదం హెచ్చరించదు.

కాళ్ళూ చేతుల మంట, స్పర్శ తెలియకపోవడం అనే లక్షణాలను చరకసంహిత ప్రమేహవ్యాధి పూర్వరూపాలలోనే పేర్కొన్నది. కనుక ఇట్టి లక్షణాలు కలవారు, తమకు మధుమేహం ఉన్నట్లు తెలియకపోయినా, రక్తపరీక్ష చేయించుకొనడం మంచిది.

కారణం

రక్తంలో చక్కెర చిరకాలం హెచ్చుగా ఉంటే నాడీతంతువులు, వాటికి రక్తాన్ని అందించే సన్నని నాళాలు దెబ్బతింటాయి. శరీరంలో అన్నిటికన్నా పొడవైన నాడులు కాలివేళ్ళకు చేరేవే. అందుచేత బాధ వేళ్ళలో ఆరంభమై, మేజోళ్ళు తొడిగినట్లు క్రమంగా పైకి ప్రాకుతుంది.

అయితే తిమ్మిర్లన్నీ మధుమేహం వల్లనే కలుగవు. బి-12 విటమిను లోపంలోను ఇవే లక్షణాలు కనిపిస్తాయి. శాకాహారులలోను, మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలాకాలం వాడేవారిలోను ఈ లోపం ఏర్పడవచ్చు. రక్తపరీక్షతో దీనిని గుర్తించి సకాలంలో సరిదిద్దుకోవచ్చు.

నయమవుతుందా?

ఆరంభదశలో చక్కెరను అదుపులోకి తెచ్చుకుంటే మంటలు, తిమ్మిర్లు కొన్ని నెలలకు తగ్గవచ్చు. బాగా దెబ్బతిన్న నాడులు మునుపటివలె కావడం అరుదు. కాని మిగిలినవాటిని కాపాడుకోవచ్చు. అమెరికా, కెనడాలలో ఇన్సులిన్‌పై ఆధారపడిన 1441 మంది రోగులపై జరిపి 1993లో ప్రకటించిన పరిశోధనలో, చక్కెరను గట్టిగా అదుపు చేసినవారిలో నాడీవ్యాధి సుమారు 60 శాతం తగ్గింది. నడివయసులో వచ్చే మధుమేహంలో ఈ ప్రయోజనం ఇంత ఎక్కువగా ఉండదు. కనుక చక్కెరతోబాటు రక్తపోటును, కొవ్వును అదుపు చేయడం, పొగాకును, మద్యాన్ని విడిచిపెట్టడం కూడా అవసరం.

చాలాకాలం హెచ్చుగా ఉన్న చక్కెర ఒక్కసారిగా దిగితే కొందరిలో మంటలు తాత్కాలికంగా పెరుగుతాయి. మందు పడలేదనుకొని మానివేయరాదు, వైద్యునికి తెలపాలి.

ఇంకొక ముఖ్య విషయం. చక్కెర తగ్గకుండానే మంట తగ్గిపోతే సంతోషించరాదు. నాడి కోలుకున్నందువల్ల కాక, స్పర్శ పూర్తిగా నశించినందువల్ల కూడా మంట తగ్గుతుంది. ఈ తేడా వైద్యుడు పాదాలను పరీక్షించినప్పుడే తెలుస్తుంది.

గృహచికిత్స

ఉసిరిక, పసుపు ప్రమేహానికి శ్రేష్ఠమని అష్టాంగహృదయం చెబుతున్నది. రెండు చెంచాల ఉసిరికాయ రసంలో పావు చెంచా పసుపు కలిపి ఉదయం సేవించడం వాడుక. రాత్రి చెంచాడు మెంతులు నానవేసి, ఉదయం గింజలతో సహా తినవచ్చు. మెంతులలోని పీచుపదార్థం భోజనానంతరం చక్కెర వేగంగా పెరగకుండా నిరోధిస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మెంతులపై పరిశోధనలు జరిపింది. ఇవి వైద్యుడిచ్చిన మందులకు తోడు మాత్రమే. వాటికి బదులు కావు. మాత్రలు వాడేవారు వైద్యునికి చెప్పి, చక్కెర పరీక్షించుకుంటూ వీటిని వాడాలి.

పాదాలు పొడిబారి పగిలేవారు నువ్వులనూనెగాని, కొబ్బరినూనెగాని మృదువుగా రాయాలి. వేళ్ళ సందులలో మాత్రం నూనె ఉంచరాదు. తడి నిలిచి బూజు పడుతుంది.

చేయకూడనివి

మన ఇళ్ళలో కాళ్ళనొప్పి అనగానే వేడినీళ్ళలో కాళ్ళు పెట్టడం, ఉప్పు మూటతో, వేడి ఇటుకతో కాపడం పెట్టడం అలవాటు. స్పర్శ తగ్గిన పాదాలకు ఇవి చేయరాదు. చర్మం కాలినా రోగికి తెలియదు. స్నానపు నీటి వేడిని కాలితో కాక, మోచేతితోగాని, ఇంట్లో మరొకరిచేతగాని చూపించుకోవాలి. ఎండాకాలంలో గుడి ప్రదక్షిణలను తెల్లవారుజామునే ముగించుకోవాలి. మిట్టమధ్యాహ్నం కాలిన రాతిబండలపై వట్టికాళ్ళతో నడవరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోయడం, ఆమ్లపు మందులతో కరిగించడం ప్రమాదకరం. పేరు, తయారీదారు వివరాలు లేని భస్మాలు, పొడులు కొనరాదు.

దినచర్య

ప్రతిరాత్రి పాదాలు కడిగి, వేళ్ళ సందులను తడి లేకుండా తుడవాలి. అడుగుభాగాన్ని అద్దంలో చూసుకోవాలి. చూపు తగ్గినవారికి ఇంటివారు చూసిపెట్టాలి. పొక్కు, గీత, ఎరుపు, వాపు, రంగు మార్పు ఉన్నవేమో గమనించాలి. చెప్పులు తొడిగే ముందు లోపల చేయి పెట్టి రాయి, మేకు లేవని నిర్ధారించుకోవాలి. ఇంట్లోను మెత్తని చెప్పులు వాడడం మేలు. కొత్త చెప్పులు సాయంత్రం పూట కొనాలి. అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. గోళ్ళు అడ్డంగా, సూటిగా కత్తిరించాలి.

పుండు పడినా, రంగు నల్లబడినా, దుర్వాసన వచ్చినా, నొప్పి లేకుండానే పాదం ఎర్రగా వాచి వేడిగా ఉన్నా ఆ రోజే వైద్యుణ్ణి చూడాలి. నొప్పి లేదుకదా అని రెండురోజులు ఆగినందువల్ల కాలు కోల్పోయే స్థితి రావచ్చు. బాధలేమీ లేకపోయినా ఏడాదికొకసారి పాదాలలో స్పర్శను, రక్తప్రసారాన్ని పరీక్ష చేయించుకోవాలి. రోజూ పాదాలు చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు ఏ మందుకూ తీసిపోవు.