పండుగ దినములు, బడి దినములు

పాఠ్యభాగము: లూకా 2:41–46



డిసెంబరు మాసము వచ్చినదంటే తలిదండ్రులు నన్ను మొదట అడుగు ప్రశ్న, “అయ్యగారూ, బడికి సెలవులెన్నాళ్లు?” అనునదే. ఇది అడుగదగిన ప్రశ్న. లేవీయకాండము 23వ అధ్యాయము చదివినయెడల పండుగలకు నెల, తేది, దినముల లెక్క ఉన్నట్టు చూచెదరు. పులియని రొట్టెల పండుగ ఏడు దినములు. పర్ణశాలల పండుగ పొలముపంట కూర్చుకొనిన పిమ్మట వచ్చును. అదియు ఏడు దినములే, ఎనిమిదవ నాడు కూడిక. పండుగకు ఆరంభము ఉన్నట్టే ముగింపును ఉన్నది.

కశ్మీరు లోయలో మంచు కారణముగా బడులకు డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు సెలవు. మన తెలుగు నాట చలి అంతటిది కాదు. ఇచ్చటి శీతకాలపు సెలవులు పండుగను బట్టి, పంటను బట్టి వచ్చినవి. క్రిస్మసుకును సంక్రాంతికిని నడుమ మూడు వారములే ఎడము గనుక, ప్రభుత్వము వారు వంతులు వేసిరి. 2024–25 విద్యాసంవత్సరములో తెలంగాణ మిషనరీ బడులకు డిసెంబరు 23 నుండి 27 వరకు క్రిస్మసు సెలవులు. తక్కిన బడులకు జనవరి 13 నుండి 17 వరకు సంక్రాంతి సెలవులు. ఆ యేడే ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవ విద్యాలయములకు డిసెంబరు 20 నుండి 29 వరకు ఇచ్చి, సంక్రాంతికి తగ్గించిరి. తక్కిన బడులకు జనవరి 10 నుండి 19 వరకు ఇచ్చిరి. ఏటేట తేదీలు మారును గాని పద్ధతి ఇదే. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము 5వ తరగతి వరకు ఏడాదికి 200 దినములు, 6 నుండి 8 వరకు 220 దినములు బడి నడువవలెను. రెండు పండుగలకును దీర్ఘమైన సెలవిచ్చుట కష్టమే.

మన పల్లె బిడ్డలలో ఎక్కువమంది చదువునది జిల్లా పరిషత్ బడిలో. వారికి క్రిస్మసుకు ఒకటి రెండు దినములే దొరకును. అయితే పట్నములో మిషను బడికి వెళ్లు మేనత్త పిల్లలు ఇరువదవ తేదీ నాటికే ఊరు చేరుదురు. వారిని చూచి మనవారును సంచి మూల పడవేయుదురు. ఆ పిమ్మట సంక్రాంతి వచ్చును. ఈ విధముగా నెల దినములు గడచును. అంతలో మిరప కోతలకు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చును. తల్లి వెంట బిడ్డయు వెళ్లును. పదవ తరగతి పరీక్షల కాలమునకు ఆ బిడ్డ చేనిలో ఉండును. ఆడపిల్లయైతే మరల బడికి రావడమే అరుదు. నా చింత సెలవులు చాలలేదని కాదు, అవి ముగియుటలేదని.

లూకా వ్రాసిన సంగతి చూడుడి. పస్కా దినములు గడచినవి, జనులు ఊళ్లకు మరలిరి. బాలుడు బిడారులోనే ఉన్నాడనుకొని తలిదండ్రులు ఒక దినము ప్రయాణము చేసిరి. అతనికి పండ్రెండేండ్లు, మన లెక్కకు ఏడవ తరగతి యీడు. బోధకుల నడుమ కూర్చుండి వినుచు, ప్రశ్నలడుగుచు దొరికెను. నేను ఈ భాగము చదువునప్పుడెల్ల వెదకుచు వెనుకకు నడచిన ఆ తల్లిదండ్రులయొద్దనే ఆగుదును. మనమును మన బిడ్డ గుంపులోనే ఉన్నాడనుకొందుము.

కాబట్టి పెద్దలతో ఆలోచించి కొన్ని ఏర్పాట్లు చేసితిమి. క్రిస్మసు నాటకపు అభ్యాసము సాయంకాలము ఆరు గంటల తరువాతనే. బడి ఉన్న దినములలో పాటల బృందము తొమ్మిదింటికి ఇళ్లకు చేరవలెను. యౌవనస్థులు దీనికి సణిగిరి, సణుగనిండు. బిడ్డలకు వేదపాఠములు సంక్రాంతి సెలవులలో ఉదయము పూట జరుగును. సెలవులలో బడి మధ్యాహ్న భోజనము ఉండదు గనుక, పాఠము ముగిసిన పిమ్మట అన్నము పెట్టి పంపుదుము. కొత్త బియ్యము వచ్చు కాలమే గదా. ఇయ్యగలవారు స్త్రీల సమాజమునకు అందజేయుడి.

బడి తెరచిన మొదటి ఆదివారము ఆరాధన పిమ్మట పిల్లల పేర్లు చదువబడును. పలుకని బిడ్డ ఇంటికి ఆ సాయంకాలమే ఒక పెద్ద వెళ్లును. కోతలకు పోయియున్నయెడల ఏ ఊరో కనుగొని అచ్చటికి వెళ్లుదుము. ప్రయాణ ఖర్చు సంఘపు పెట్టెలోనుండి తీసికొనవచ్చునని కమిటీ వారు ఒప్పుకొనిరి.