నీటి అడుగున బ్రతుకుతెరువు: విద్యార్థులకు కొన్ని మార్గాలు

దిగితే గాని లోతు తెలియదని మన పెద్దలు అంటారు. ఈతకు ఆ మాట చెల్లుతుంది గాని, వృత్తిని ఎన్నుకొనే విషయంలో చెల్లదు. అక్కడ దిగకముందే లోతు తెలుసుకొనాలి. సముద్రగర్భంలో పగడపు దిబ్బల నడుమ చేపలతో సమానంగా సంచరించే మనుషులను తెరలపై చూసి, స్కూబా డైవింగే తమ జీవితం కావాలని కోరుకొనే పిల్లలు ఈనాడు మన తరగతులలోను కనబడుతున్నారు. చాగలమర్రికి సముద్రం దూరం. కుందూనది, కె.సి. కాలువ, పొలాల్లోని దిగుడు బావులు, ఇవే మన పిల్లల సముద్రాలు. అయినను కోరికకు దూరాభారాలు లేవు. ఆ కోరికను చూసి పెద్దలు నవ్వరాదు. అట్లని తల ఊపి ఊరుకొననూ రాదు. దానికి తగిన దారి చూపడం ఉపాధ్యాయులుగా మా విధి అని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మొదటనే ఒక మాట స్పష్టం చేయవలసి ఉన్నది. నీటిలో మునగడం స్వతహాగా ఒక వృత్తి కాదు. అది పని జరిగే చోటికి చేర్చే బాట మాత్రమే. సైకిలెక్కి బడికి వెళ్లే ఉపాధ్యాయునికి జీతం తెచ్చేది బోధనగాని సైకిలు కాదు. అదేవిధంగా నీటి అడుగుకు చేరిన మనిషి అక్కడ ఏ పని చేయగలడన్న దానిని బట్టియే అతని జీవనోపాధి ఉంటుంది. ఈ సూత్రాన్ని మనసులో నిలుపుకొంటే మిగిలిన విషయమంతా సులభంగా బోధపడుతుంది.

స్కూబా అనగా నేమి?

తనతోపాటు గాలిని తీసుకొనిపోయి నీటిలో శ్వాసించే పరికరానికి స్కూబా అని పేరు. నేడు వాడుకలో ఉన్న పద్ధతికి మూలమైన పరికరాన్ని 1943లో ఫ్రాన్సు దేశంలో జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ అనే ఇరువురు రూపొందించారు. వీపున మోసే సిలిండరులో అధిక పీడనంతో నింపిన గాలిని, చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానం చేసి నోటికి అందించడమే అందులోని మర్మం.

ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రం ఇక్కడ ప్రాణరక్షకమవుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. 10 మీటర్ల లోతున మన ఊపిరితిత్తులలో నిండిన గాలి, శ్వాస బిగబట్టి పైకి వస్తే రెండింతలు కావాలని చూస్తుంది. ఇది బాయిల్ నియమం. అందువలన స్కూబాలో పాటించవలసిన మొదటి నియమం, శ్వాసను ఎన్నడును బిగబట్టరాదన్నదే. రెండవది, లోతున ఉన్నంతసేపు గాలిలోని నత్రజని రక్తంలోను, కండరాలలోను కరుగుతూ ఉంటుంది. త్వరపడి పైకి వస్తే ఆ వాయువు బుడగలై కీళ్లను, నరాలను బాధిస్తుంది. గోలీసోడా గోలీని ఒక్కసారిగా నొక్కినప్పుడు నురగ పొంగడం మనకు తెలిసినదే. శరీరంలోను అట్టిదే జరుగుతుంది. ఎంత లోతున ఎంతసేపు ఉంటే ఎంత నెమ్మదిగా పైకి రావాలో చెప్పే పట్టికలను హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1908లో ప్రకటించాడు. కావున ధైర్యం ఒక్కటే ఉన్నవాడు దీనికి పనికిరాడు. లెక్క తెలిసి, ఆ లెక్కకు కట్టుబడేవాడే పనికివస్తాడు.

పాత వృత్తి నేర్పే పాఠం

ఈ పని మన దేశానికి కొత్తది కాదు. ఉర్దూలో గోతాఖోర్ అన్నా, తెలుగులో గజ ఈతగాడు అన్నా, లోతునీటిలో మునిగి పనిచేసేవాడనే అర్థం. దక్షిణాన మన్నారు సింధుశాఖలో పరవరులు, కీళకరై, కాయల్పట్నం మొదలైన ఊళ్ల ముస్లిములు తరతరాలుగా ముత్యపుచిప్పల కొరకు మునిగేవారు. బరువైన రాయి ఊతంగా అడుగుకు దిగేవారు. పడవపై ఉన్న తోడువాడు తాడు పట్టుకొని కనిపెట్టుకొని ఉండి, సైగ అందగానే పైకి లాగేవాడు. తోడు లేనిదే మునగరాదన్న నేటి నియమం ఆనాటిదే. అయితే 1961లో తూత్తుకుడి వద్ద జరిగిన ముత్యాల వేటయే అక్కడ చివరిది. చిప్పలు తరిగిపోయాయి, వేట ఆగిపోయింది. ఒక్క సరుకుపై ఆధారపడిన నైపుణ్యం ఆ సరుకుతోనే నిలిచిపోతుంది. నేటి యువకుడు మునుగుడు విద్యకు తోడుగా మరొక చదువు సంపాదించుకొనవలసిన అవసరాన్ని ఈ చరిత్రయే చెబుతున్నది.

ఇక మార్గాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

వినోద రంగం

అందరికీ ముందుగా కనబడేది ఇదే. అండమాన్, లక్షద్వీపాలు, గోవా, కర్ణాటకలోని నేత్రాణి దీవి, పుదుచ్చేరి, మన విశాఖపట్నం మొదలైన చోట్ల యాత్రికులను నీటి అడుగుకు తీసుకొనిపోయే కేంద్రాలు ఉన్నాయి. పాడీ అనే అంతర్జాతీయ సంస్థ నియమాల ప్రకారం పదేళ్లు నిండిన పిల్లలు ప్రాథమిక శిక్షణ పొందవచ్చును. మొదటి మెట్టు 18 మీటర్ల లోతువరకు పరిమితం. ఎంత నేర్చినను వినోదం కొరకు చేసే డైవింగుకు 40 మీటర్లు హద్దు. యాత్రికులకు దారి చూపే డైవ్‌మాస్టర్ కావాలంటే 18 ఏళ్లు నిండాలి, 60 మునకలు నమోదై ఉండాలి. శిక్షకుని పరీక్షకు 100 మునకలు కావాలి. ఈ మెట్లన్నింటికి రుసుము చెల్లించుకొనవలసినది విద్యార్థియే. వర్షాకాలంలో అనేక కేంద్రాలు మూతపడతాయి, ఆదాయం ఋతువును బట్టి మారుతుంది. ఆంగ్లం, హిందీ బాగుగా మాట్లాడగలిగి, పర్యాటక రంగంలో పట్టా కూడ ఉన్నవారు ఇందులో నిలదొక్కుకొనగలరు.

నౌకాదళం, రక్షక దళాలు

తక్కువ ఆదాయంగల కుటుంబాలకు ఇది మేలైన మార్గమని మా అభిప్రాయం. శిక్షణకు ఖర్చు లేకపోగా జీతం లభిస్తుంది. భారత నౌకాదళంలో చేరినవారిలో అర్హులను ఎంపిక చేసి కొచ్చిలోని డైవింగ్ పాఠశాలలో తీర్చిదిద్దుతారు. ఇంటర్మీడియెట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివినవారికి అగ్నివీర్ ప్రవేశం, జాతీయ రక్షణ అకాడమీ పరీక్ష అందుబాటులో ఉన్నాయి. అయితే 2022లో ప్రారంభమైన అగ్నిపథ్ పథకంలో సేవాకాలం నాలుగేళ్లు. ఆ పిదప నాలుగింట ఒక వంతు మందికి మించి కొనసాగింపు ఉండదు. ఈ సంగతి తెలిసియే చేరాలి. లోతునీటి సహాయక నౌక ఐ.ఎన్.ఎస్. నిస్తార్ విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులోనే తయారై, 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల లోతువరకు మనుషులు దిగి పనిచేసే ఏర్పాటు అందులో ఉన్నది.

విపత్తు నివారణ దళాలలోను నీటి పని ఉన్నది. జాతీయ విపత్తు దళానికి నేరుగా ఎంపికలు జరగవు. కేంద్ర సాయుధ బలగాలలో చేరినవారు డెప్యుటేషన్‌పై అందులోకి వెళతారు. ఈ సేవ విలువ ఎంతటిదో 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద యాత్రికుల పడవ మునిగినప్పుడు తెలుగువారందరికీ తెలిసివచ్చింది. నౌకాదళం, విపత్తు దళాలు గాలించాయి. సుడులు తిరిగే వరద నీటిలో పని ఆలస్యమైంది. తుదకు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, విశాఖ నుండి వచ్చిన గజ ఈతగాళ్ల సహాయంతో తాళ్లు కట్టి, అక్టోబరు 22న ఆ పడవను ఒడ్డుకు లాగగలిగింది. తమవారి కడచూపు కొరకు అన్నాళ్లు నదీతీరాన కాచుకొని ఉన్న కుటుంబాలకు ఆ ఈతగాళ్ల శ్రమ ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

పారిశ్రామిక డైవింగు

ఓడల అడుగుభాగం పరిశీలించడం, రేవుల స్తంభాలు, ఆనకట్టల తలుపులు సరిచూడడం, చమురు బావుల గొట్టాలు అతకడం ఈ కోవలోనివి. ఇందులో ఆదాయం హెచ్చు, అపాయమూ హెచ్చే. ఇక్కడ అనేకులు మోసపోయే అవకాశం ఉన్నది గనుక జాగ్రత్తగా చదవవలసిందిగా కోరుతున్నాము. వినోదపు స్కూబా పత్రం ఈ పనికి అర్హత కాదు. సముద్రంలోని చమురు క్షేత్రాలలో సాధారణంగా స్కూబానే వాడరు. పైనున్న ఓడ నుండి గొట్టం ద్వారా గాలి అందుతూ, తలకు శిరస్త్రాణం ధరించి పనిచేస్తారు. సుమారు 50 మీటర్లు దాటితే హీలియం కలిపిన వాయువు అవసరమవుతుంది. దీనికి ప్రత్యేక శిక్షణ, ప్రత్యేక ధ్రువపత్రం ఉండాలి. మన ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు ఎందరో ఉన్నారు. అక్కడ డైవర్ ఉద్యోగమని చెప్పి, కొద్దిరోజుల వినోద శిక్షణకు అప్పు చేయించే మధ్యవర్తి మాట నమ్మి పొలం కుదువపెట్టరాదు. ఉద్యోగమిచ్చే సంస్థ ఏ పత్రం కోరుతున్నదో వ్రాతమూలకంగా తెలుసుకొనాలి. ఏజెంటుకు ప్రభుత్వ నమోదు ఉన్నదో లేదో చూడాలి. ముందుగా ఐ.టి.ఐ.లో వెల్డరు, ఫిట్టరు వంటి పనిగాని, పాలిటెక్నిక్ డిప్లొమాగాని చేతనుంటే, నీటి పని దొరకకపోయినను నేలమీద అన్నం దొరుకుతుంది.

మరొక సంగతి. మనిషి దిగలేని లోతులలో నేడు యంత్రాలు పనిచేస్తున్నాయి. కృష్ణా గోదావరి తీరంలోని లోతైన వాయు క్షేత్రాలలో పని యంత్రాలదే. వాటిని నడిపేవారు ఎలక్ట్రానిక్స్, యంత్రశాస్త్రం చదివినవారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతుకు తీసుకొనిపోగల మత్స్య 6000 వాహనాన్ని రూపొందిస్తున్నది.

విజ్ఞాన మార్గం

సముద్ర విజ్ఞానంలో తెలుగునాటికి మంచి సంప్రదాయం ఉన్నది. 1952లో అమెరికా శాస్త్రవేత్త లాఫాండ్ వాల్తేరుకు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సముద్ర శాస్త్ర అధ్యయనానికి పునాది వేశారు. 1966లో ఏర్పడిన జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు గోవా ముఖ్యస్థానం కాగా, విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. హైదరాబాదులో ఇన్‌కాయిస్ సంస్థ 1999 నుండి సముద్ర సమాచారాన్ని అందిస్తున్నది. జీవశాస్త్రం చదివినవారు నెల్లూరు జిల్లా ముత్తుకూరులోని మత్స్య విజ్ఞాన కళాశాలలో చేరవచ్చును. పగడపు దిబ్బలను, సముద్రపు గడ్డిని పరిశోధించేవారికి డైవింగ్ ఒక పనిముట్టు. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ఎట్టిదో సముద్రంలో స్కూబా అట్టిది.

చరిత్ర విద్యార్థులు తమకు చోటు లేదని అనుకొనరాదు. ఆచార్య ఎస్.ఆర్. రావు నాయకత్వంలో 1980వ దశకంలో ద్వారక తీరాన సముద్రగర్భ పరిశోధనలు సాగాయి. పురావస్తుశాఖ 2001లో నీటి అడుగు పరిశోధనకు ప్రత్యేక విభాగం నెలకొల్పింది. 2025 ఫిబ్రవరిలో ద్వారకలో మునిగిన ఆ శాఖ బృందంలోని ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. మన విద్యార్థినులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించగలరు.

ఇప్పుడు చేయవలసినది

పదవ తరగతి దాటగానే ఎన్నుకొనే గ్రూపే దారిని నిర్ణయిస్తుంది. గణితశాస్త్రాలు నౌకాదళానికి, సముద్ర సాంకేతికానికి, జీవశాస్త్రాలు మత్స్య విజ్ఞానానికి, చరిత్ర పురావస్తు పరిశోధనకు, ఐ.టి.ఐ. పారిశ్రామిక పనికి తలుపులు తెరుస్తాయి. ఏ దారి అయినను చెవి, ఊపిరితిత్తులు, గుండె ఆరోగ్యంగా ఉండాలి. ఉబ్బసం, మూర్ఛ వంటివి ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే ప్రయత్నించరాదు.

ఈలోగా మన బావులలో జాగ్రత్త అవసరం. ఎవరు ఎక్కువసేపు మునిగి ఉండగలరని పందెం వేసి, ముందుగా గబగబా ఊపిరి తీసి వదలి దూకే పిల్లలున్నారు. అట్లా చేస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, ఊపిరి కావాలన్న హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఆలోగా ప్రాణవాయువు కొరవడి, తెలియకుండానే స్పృహ తప్పి మునిగిపోతారు. నేర్పరులు కూడ ఈ విధంగా మరణించారు. చిరకాలంగా వాడని పాతబావిలో విషవాయువు నిలిచి ఉండవచ్చు గనుక అందులోకి దిగరాదు.

కళాశాల పాలకవర్గానికి మా మనవి రెండు. పెద్దల పర్యవేక్షణలో విద్యార్థులకు ఈత నేర్పించే ఏర్పాటు, నీట మునిగినవారికి శ్వాస కల్పించి గుండెను నడిపించే ప్రథమ చికిత్సలో ఏటా శిక్షణ. ఈ రెండింటికి వ్యయం స్వల్పం. వీటిని నేర్చిన విద్యార్థులందరు సముద్రానికి వెళ్లరు. నూటికి ఒకరు వెళ్లవచ్చును. మిగిలినవారు ఎప్పుడో ఒకనాడు కాలువగట్టున ఒక బిడ్డ ప్రాణం నిలుపగలరు. సముద్రానికి వెళ్లే ఆ ఒక్కరు మాత్రం చేతిలో ఒక చదువును, ఒక పనిని పట్టుకొని దిగాలని, దిగినవాడు క్షేమంగా ఒడ్డు చేరాలని కోరుతూ ఈ వ్యాసం ముగిస్తున్నాము.