కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్: విండోస్ తీసేసే ముందు ఒక గంట

కోడింగ్ మీద ఇష్టం పెరిగిన పిల్లలు ఏదో ఒక రోజు అడిగే మాట: “నాన్నా, ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకోనా?” అడగడం మంచిదే. ఉబుంటు లినక్స్ ఉచితం. పైథాన్ అందులో ముందే ఉంటుంది. కంప్యూటర్ లోపల ఏం జరుగుతోందో పిల్లలు చూసి నేర్చుకోవచ్చు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, పాత ల్యాప్‌టాప్‌లో సాఫీగా ఎక్కిన ఉబుంటు, కొత్తగా కొన్న దాంట్లో వై-ఫై లేకుండానో సౌండ్ లేకుండానో తెరుచుకోవచ్చు. అప్పుడు పిల్లాడు పాడు చేశాడని ఒకరు, షాపువాడు మోసం చేశాడని మరొకరు అంటారు. చాలాసార్లు రెండూ నిజం కావు.

ఎందుకిలా జరుగుతుంది?

వై-ఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ లాంటి ప్రతి పరికరాన్నీ నడిపించడానికి డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ కావాలి. విండోస్ ల్యాప్‌టాప్‌లకు తయారీ కంపెనీయే డ్రైవర్లు వేసి పంపుతుంది. లినక్స్‌లో ఎక్కువ డ్రైవర్లు కెర్నల్‌లోనే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలోనే ఉంటాయి. కాబట్టి కెర్నల్ కంటే చిప్ కొత్తదైతే, కెర్నల్ దాన్ని గుర్తుపట్టలేదు. ఈ ఏడాది సిలబస్‌లో చేర్చిన పాఠాన్ని పాత పుస్తకంలో వెతికినట్టే.

ఒక ఉదాహరణ. మీడియాటెక్ 7925 అనే వై-ఫై చిప్‌కు డ్రైవర్ లినక్స్ కెర్నల్ 6.7లో చేరింది. ఉబుంటు 22.04 మొదట విడుదలైనప్పుడు అందులో ఉన్నది 5.15 కెర్నల్. ఉబుంటు 24.04లో 6.8 ఉంది. అదే ల్యాప్‌టాప్‌లో మొదటిది వేస్తే వై-ఫై కనిపించదు, రెండోది వేస్తే డ్రైవర్ సిద్ధంగా ఉంటుంది. కొత్త కెర్నల్ దాదాపు 9, 10 వారాలకు ఒకటి వస్తుంది కాబట్టి ఈరోజు లేని డ్రైవర్ కొన్ని నెలల్లో రావచ్చు.

ముందుగా చేయాల్సినవి

1. పిల్లల ప్రాజెక్టులు, ఫొటోలు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. పరీక్షల ముందు ఈ పని పెట్టుకోవద్దు.

2. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటుంది. బయాస్ సెట్టింగ్స్ మారిస్తే అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి. కీ లేకపోతే డిస్క్‌లోని డేటా తిరిగి రాదు.

3. 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్‌లో రూఫస్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో ఉబుంటు తాజా ఫైల్‌ను ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది.

4. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. పెన్‌డ్రైవ్ ఎంచుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై ఉబుంటు’ నొక్కండి. ఇలా చూసినంతవరకు విండోస్ చెక్కుచెదరదు.

చూసి రాసుకోవాల్సినవి

ఈ గంట పనిని మీ అబ్బాయికో అమ్మాయికో అప్పగించండి. ఒక కాగితం మీద వై-ఫై, బ్లూటూత్, స్పీకర్, మైక్, కెమెరా, టచ్‌ప్యాడ్, వెలుతురు కీలు, మూత మూసి తెరిస్తే మేల్కోవడం, వేలిముద్ర అని వరుసగా రాయించండి. ప్రతిదాని పక్కన రెండు గడులు: ‘విండోస్‌లో’, ‘ఉబుంటులో’.

విండోస్‌లో పనిచేసి ఉబుంటులో పనిచేయకపోతే, పరికరం బాగానే ఉంది, డ్రైవర్ సమస్య. రెండింట్లోనూ పనిచేయకపోతే వారంటీ ఉండగానే షాపుకు తీసుకెళ్లండి. విండోస్ తీసేశాక ఈ తేడా కనిపెట్టడం కష్టం.

పనిచేయనివి ఉంటే

వై-ఫై రాకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఇంటర్నెట్ వస్తుంది. ఇన్‌స్టాల్ చేశాక కూడా ఇలాగే అప్‌డేట్లు వేస్తే కొత్త కెర్నల్, ఫర్మ్‌వేర్ వస్తాయి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉంటే ‘అడిషనల్ డ్రైవర్స్’లో తగినది దొరుకుతుంది.

ఉబుంటులో అదే 24.04కు కూడా మధ్యమధ్యలో కొత్త కెర్నల్‌తో విడుదలలు వస్తాయి. 2024 ఏప్రిల్‌లో 6.8తో వచ్చిన అదే 24.04, 2025 ఆగస్టులో 6.14తో వచ్చింది. అందుకే స్నేహితుడి దగ్గరున్న పాత పెన్‌డ్రైవ్ కాకుండా, ఉబుంటు అధికారిక సైట్ నుంచి తాజా ఫైల్ దించుకోండి.

ఇన్‌స్టాలర్‌కు డిస్క్ కనిపించకపోతే బయాస్‌లో స్టోరేజ్ సెట్టింగ్ మార్చమని కొందరు చెబుతారు. సిద్ధం చేయకుండా మారిస్తే విండోస్ తెరుచుకోకపోవచ్చు. తెలిసినవారు పక్కన లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

వేయాలా, ఆగాలా?

వేలిముద్ర ఒక్కటే పనిచేయకపోతే పాస్‌వర్డ్‌తో సరిపెట్టుకోవచ్చు. వై-ఫై, టచ్‌ప్యాడ్, మూత తెరిస్తే మేల్కోవడం వీటిలో ఏది కుదరకపోయినా రోజూ ఇబ్బందే. కొన్ని నెలలాగి మళ్లీ పరీక్షించండి. అంతవరకు విండోస్‌లోనే వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి, అందులో ఉబుంటు నేర్చుకోవచ్చు. పిల్లల చదువు ఆగదు, ల్యాప్‌టాప్‌కూ ఏమీ కాదు.

పిల్లలు నింపిన ఆ కాగితాన్ని మాత్రం తేదీ వేసి దాచండి. తర్వాతి విడుదల వచ్చినప్పుడు మళ్లీ చూస్తే, ఏ గడి ‘లేదు’ నుంచి ‘ఉంది’కి మారిందో వాళ్లే మీకు చెబుతారు.