లైనక్సు యంత్రమునకు కావలి

కృష్ణపట్నము రేవున ప్రమాద సూచిక లేచినప్పుడు దానిని ఎగురవేయువాడొకడు, చూచువాడొకడు, పడవను గట్టున కీడ్చువాడు వేరొకడు. 1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన తుపానును గన్న పెద్దలకు ఈ పనుల నడుమ జరుగు ఆలస్యమెంతటి చేటో తెలియును. కంప్యూటర్ల కాపుదలయు నిట్టిదే. 2017 మే నెలలో వన్నాక్రై యను దుష్టక్రమణిక లోకమంతట వ్యాపించి, మన రాష్ట్రపు పోలీసుల కంప్యూటర్లను గొన్నిటిని సైతము తాకినది. మనుష్యుని సాయము లేకయే అది యంత్రమునుండి యంత్రమునకు ప్రాకెను. చూచి, ఆలోచించి కదలువాడు దాని నందుకొనజాలడు.

అందుచే, హెచ్చరిక రాగానే నిర్ణీతమైన పనిని తామే చేయు క్రమణికలు పుట్టినవి. వానిలో ఉచితముగ లభించు షఫుల్ అనుదానిని మేము ఉబుంటు లైనక్సుపై నెలకొల్పితిమి. మొదట డాకర్‌ను స్థాపించి, పిదప షఫుల్‌ను దించుకొనవలెను. దాని దత్తాంశముల ఫోల్డరును 1000 సంఖ్యగల వినియోగదారునకు స్వాధీనపరుపవలెను. ఇది మరచుటచే మాకొక పూట వ్యర్థమైనది. షఫుల్ తన సమాచారమును ఓపెన్‌సెర్చ్ అను కోశమున దాచును. కెర్నెలు ఒక్కొక్క ప్రక్రియకు అనుమతించు మెమరీ పటముల పరిమితిని 262144కు పెంచనిచో ఆ కోశము లేచినట్లే లేచి పడిపోవును. ఇవి చక్కబడిన పిమ్మట డాకర్ కంపోజ్ ఆజ్ఞ నొసంగి, బ్రౌజరులో 3443 పోర్టును తెరచిన, నిర్వాహకుని ఖాతా సృష్టింపుమని యడుగును.

మా యంత్రము బడికి వెలుపల అద్దెస్థలమున నున్నది. దాని లాగులను వాజూ అను మరియొక క్రమణిక కనిపెట్టి, అనుమానము కలిగినప్పుడు వెబ్‌హుక్ ద్వారా షఫుల్‌కు తెలుపును. మేము వ్రాసిన తొలి యాజ్ఞ యిది: అయిదుమారులు తప్పు పాస్‌వర్డు వచ్చిన చిరునామాను అడ్డగింపుము.

మరునాడుదయమున బడిలోనివారెవ్వరును లోనికి బోజాలకపోయిరి! బడి కంప్యూటర్లన్నియు నొకే రౌటరు వెనుక నుండుటచే బయటికి ఒకే చిరునామాతో గానవచ్చును. క్రొత్తగా చేరిన బాలుడొకడు పాస్‌వర్డు మరచి అయిదుమారులు ప్రయత్నించెను. కావలివాడు చెప్పినపని చెప్పినట్లు చేసెను. తప్పు వానిది కాదు, మాది. మొబైలు ఫోను సంబంధముతో వేరు చిరునామానుండి పోయి, ఆ యడ్డును తొలగించితిమి.

ఇప్పుడు తెలియని చిరునామాను పది నిమిషములు మాత్రమే యాపుదుము. బడి చిరునామా విషయమైన, షఫుల్ తాను నిలిచి మా యనుమతి నడుగును. రాత్రివేళ మేము నిద్రించుచున్నచో ఆ ప్రశ్న తెల్లవారువరకు వేచియుండును. ఈ లోపము నింకను తీర్పలేదు. బాలునకు క్రొత్త పాస్‌వర్డు ఇప్పించి, దానిని చీటిపై వ్రాసి కంప్యూటరునకు అంటింపవలదని చెప్పితిమి.