మందిరానికి ఆస్తి రాసివ్వొచ్చా?

సమస్య

మాది అనకాపల్లి. టీచరుగా చేసి రిటైరయ్యాను. డెబ్భై దాటాయి. మావారు తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవారు. వీలునామా ఏమీ రాయకుండానే పోయారు. మేముండే డాబా ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. నా జీతంతో కశింకోట వైపు కొన్న 30 సెంట్ల చెరకు భూమి నా పేరున ఉంది. బ్యాంకులో కొంత డిపాజిట్ ఉంది, దానికి నామినీ మా అబ్బాయి. వాడు హైదరాబాద్‌లో, అమ్మాయి గాజువాకలో ఉంటారు.

పెళ్లయిన నాటి నుంచి నేను వెళ్తున్న సంఘం ఇప్పటికీ రేకుల షెడ్డులోనే నడుస్తోంది. వాన పడితే వాక్యం వినపడదు. ఇల్లూ భూమీ రెండూ మందిరానికే ఇస్తానని ప్రార్థనలో మాటిచ్చాను. పాస్టరు గారు ఇప్పుడే గిఫ్ట్ డీడ్ చేయించేయమంటున్నారు. సంఘ పెద్ద ఒకాయనేమో, క్రైస్తవులు పోవడానికి ఏడాది ముందే రాయకపోతే అది చెల్లదంటున్నారు. సంగతి తెలిసి మా అబ్బాయి ఫోను ఎత్తడం మానేశాడు. నేనేం చేయాలి?

— ఒక తల్లి, అనకాపల్లి

సలహా

అమ్మా, ముందు ఇంటి సంగతి చూద్దాం. చిక్కంతా అక్కడే ఉంది. మీవారు వీలునామా లేకుండా పోయారు కాబట్టి, భారత వారసత్వ చట్టం 1925 ప్రకారం ఆ ఇంట్లో మూడో వంతు మాత్రమే మీది. మిగిలిన రెండు వంతులు పిల్లలిద్దరివీ. ఈ చట్టంలో కొడుకుకెంతో కూతురికీ అంతే. అంటే ఇల్లు మీ ముగ్గురికీ సమానం. ఇల్లంతా రాసిచ్చే హక్కు మీకు లేదు. రాసినా మీ వంతు వరకే చెల్లుతుంది. మీ అబ్బాయి కోపంలో ఈ న్యాయం ఉంది. మీకు తెలియక అన్న మాట, అతనికి తన వాటా పోతోందన్నట్టు వినపడింది. భూమి సంగతి వేరు. అది మీ కష్టార్జితం, అందులో పిల్లలకు పుట్టుకతో వచ్చే వాటా ఏమీ లేదు.

ఆ పెద్దాయన చెప్పినది ఒకప్పుడు నిజమే. అదే చట్టంలోని 118వ సెక్షన్ ప్రకారం, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు గానీ అంతకన్నా దగ్గరివాళ్లు గానీ ఉన్న క్రైస్తవులు వీలునామా ద్వారా మత, ధర్మ కార్యాలకు ఆస్తి ఇవ్వాలంటే, చనిపోవడానికి కనీసం 12 నెలల ముందు దాన్ని రాసి ఉండాల్సి వచ్చేది. రాసిన ఆరు నెలల్లోగా ఆ వీలునామాను చట్టం చూపిన చోట భద్రపరచాల్సి ఉండేది. కేరళకు చెందిన కాథలిక్ ఫాదర్ జాన్ వల్లమట్టం దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇది సమానత్వానికి విరుద్ధమంటూ 2003 జులైలో ప్రధాన న్యాయమూర్తి వి.ఎన్.ఖరే నాయకత్వంలోని ధర్మాసనం ఆ సెక్షన్‌ను కొట్టేసింది. అయినా ఆ భయం మన సంఘాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని వదిలేయండి.

గిఫ్ట్ డీడ్ మాత్రం వద్దమ్మా. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. రిజిస్ట్రేషన్ అయిన రోజే భూమి చేయి దాటిపోతుంది. రేపు ఆస్పత్రి ఖర్చు వచ్చినా, మనసు మారినా వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు. వీలునామా అయితే మీ తర్వాతే అమల్లోకి వస్తుంది. బతికున్నంత కాలం చెరకు డబ్బు మీదే, ఎన్నిసార్లయినా మార్చి రాసుకోవచ్చు. అపొస్తలుల కార్యములు అయిదో అధ్యాయంలో పేతురు అననీయతో ఏమన్నాడో మీకు తెలుసు. అమ్మకముందు ఆ పొలం నీదే, అమ్మాక ఆ సొమ్మూ నీ చేతిలోనే ఉంది కదా అన్నాడు. ఆ తొలి సంఘంలో కూడా ఇవ్వమని ఎవరినీ బలవంతపెట్టలేదు. మీ ప్రార్థనకు విలువ తగ్గేదేమీ లేదు, తొందర మాత్రం అక్కర్లేదు.

వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించండి. రేపు ఎవరైనా అనుమానపడితే అది అండగా నిలుస్తుంది. ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి అందుకునేవాళ్లు గానీ, వాళ్ల భార్యాభర్తలు గానీ సాక్షి సంతకం పెడితే క్రైస్తవుల విషయంలో వాళ్లకు రాసినది చెల్లదు. కాబట్టి అమ్మాయినీ అల్లుడినీ పెట్టకండి. పాస్టరు గారినీ దూరంగానే ఉంచండి. మిమ్మల్ని చూసే డాక్టరు గారు ఒక సాక్షిగా ఉంటే చాలా మంచిది. డిపాజిట్ ఎవరికో కూడా అందులోనే రాయండి. నామినీ బ్యాంకు నుంచి డబ్బు అందుకునేవాడే గానీ, ఒక్కడే సొంతదారు కాడు.

ఇక ఎవరి పేరున రాయాలన్నది. సీఎస్ఐ సంఘాలకైతే ఆస్తులు చూసే ట్రస్ట్ అసోసియేషన్ ఉంది. మీది స్వతంత్ర సంఘమైతే సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరయిందా అని అడగండి. ధ్రువపత్రం, బైలాస్ జిరాక్సు తీసుకుని వకీలుకు చూపించండి. రిజిస్టరైన పేరును అక్షరం తప్పకుండా రాయించండి. పాస్టరు గారి సొంత పేరు మీద రాస్తే, ఆయన తర్వాత అది ఆయన పిల్లలకు పోతుంది, మందిరానికి కాదు.

రాసే ముందు పిల్లలిద్దరినీ ఇంటికి పిలవండి. అబ్బాయి ఫోను ఎత్తకపోతే అమ్మాయి చేత చేయించండి. ఇల్లు మీ ముగ్గురిదీ అని, అందులో వాళ్ల వంతు మీరు ముట్టుకోరని మొదటి మాటగా చెప్పండి. ఆ తర్వాతే భూమి సంగతి ఎత్తండి. అది డి-పట్టా భూమి, అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూమి, కాదని కూడా పత్రాల్లో ఒకసారి చూసుకోండి. అసైన్డ్ భూముల బదిలీకి 1977 చట్టం అడ్డు రావచ్చు. మీ తర్వాత ఆ సంఘం లేకపోతే భూమి ఎవరికి చెందాలో కూడా ఒక వాక్యం రాయించండి.