జంషెడ్‌పూర్ ఎర్రనేలలో తోట వేయాలంటే ముందు సున్నం

జంషెడ్‌పూర్ అంటే ఉక్కు గుర్తొస్తుంది. ఊరి చుట్టూ ఉన్న మెరక నేలలకు ఎర్ర రంగునిచ్చింది కూడా ఇనుమే, ఆక్సైడ్ల రూపంలో. తూర్పు సింగ్‌భూమ్ జిల్లా రైతులు ఈ మెరకను ‘టాండ్’ అని, వరి పండే పల్లాన్ని ‘దోన్’ అని పిలుస్తారు. పండ్ల తోటలు ఎక్కువగా వచ్చేది టాండ్‌లోనే. 2020లో మొదలైన బిర్సా హరిత్ గ్రామ్ యోజన కింద ఉపాధి హామీ పనులతో రైతుల సొంత భూముల్లో మామిడి మొక్కలు నాటిస్తున్నారు. ఇక్కడ బాగా కనిపించే ఆమ్రపాలి రకం దశేరికి మన నీలంను సంకరం చేయగా పుట్టిందే.

అయితే ఈ నేలలో చాలాచోట్ల పీహెచ్ 5.5 కంటే తక్కువ. శతాబ్దాలుగా కురిసిన వానలు కాల్షియం, మెగ్నీషియంలను కిందికి కడిగేశాయి. వాటి స్థానంలో హైడ్రోజన్, అల్యూమినియం అయాన్లు చేరాయి. పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది. అంటే పీహెచ్ 5 ఉన్న నేల, 7 ఉన్న నేల కంటే వంద రెట్లు ఆమ్లం.

దీనివల్ల నష్టం రెండు రకాలు. పీహెచ్ 5.5 దిగువకు వెళ్లేకొద్దీ అల్యూమినియం కరిగి నీటిలోకి వస్తుంది. అది వేరు కొసలను దెబ్బతీయడంతో వేర్లు పొట్టిగా, మొద్దుగా ఉండిపోతాయి. రెండోది, రైతు డబ్బు పెట్టి వేసిన భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టుకుని కరగని ఫాస్ఫేట్లుగా మార్చేస్తాయి. ఎరువు నేలలోనే ఉంటుంది, చెట్టుకు మాత్రం అందదు. అప్పుడు మరో బస్తా వేయడం వల్ల ఖర్చే తప్ప పెద్దగా ఫలితం ఉండదు.

విరుగుడు సున్నమే. తెలుగు రాష్ట్రాల్లో చౌడు నేలకు జిప్సం వేయడం చూసినవారు ఇక్కడా అదే పనికొస్తుందనుకోవచ్చు. జిప్సంలోనూ కాల్షియం ఉంది, కానీ అది ఆమ్లాన్ని తటస్థం చేయలేదు. ఆ పని సున్నపురాయి పొడిలోని కార్బొనేట్‌ది: ఆమ్లంతో కలిసి నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. పీహెచ్ పెరిగాక అల్యూమినియం కరగని హైడ్రాక్సైడ్‌గా మారి తప్పుకుంటుంది. డోలమైట్ వేస్తే మెగ్నీషియం కూడా అందుతుంది.

ఎంత వేయాలన్నది పీహెచ్ అంకె ఒక్కటే చెప్పదు. ఒకే పీహెచ్ ఉన్నా ఇసుక నేలకు తక్కువ, బంకమన్ను నేలకు ఎక్కువ సున్నం కావాలి. అందుకే ప్రయోగశాలలో ‘సున్నం అవసరం’ పరీక్ష విడిగా అడగాలి. మోతాదు మించితే జింకు, బోరాన్, ఇనుము అందకుండా పోతాయి.

సున్నం నేలలో చాలా నెమ్మదిగా దిగుతుంది. పైన చల్లితే ఏడాదికి కొద్ది సెంటీమీటర్లే. వరి పొలమైతే ఏటా దున్ని కలపొచ్చు. దశాబ్దాలు నిలిచే మామిడి చెట్టు కింద లోతుగా దున్నలేం. లోపలి మట్టిని సరిచేసే అవకాశం నిజంగా దొరికేది గుంత తవ్విన రోజునే. అప్పుడే సున్నం, బాగా చివికిన పశువుల ఎరువు మట్టిలో కలపాలి. మట్టి నమూనా కూడా పైపైన తీస్తే చాలదు: 0–30, 30–60, 60–90 సెంటీమీటర్ల లోతుల్లో విడివిడిగా తీయాలి.

ఉక్కు ఊరికి ఇందులో ఓ చిన్న పాత్ర ఉంది. ఇనుములోని భాస్వరం, సిలికాన్‌లను తొలగించడానికి కొలిమిలో సున్నం వేస్తారు. అది చిట్టెంగా బయటికొస్తుంది. ఐరోపా రైతులు 19వ శతాబ్దం చివరి నుంచే ఆ చిట్టెం పొడిని పొలాల్లో చల్లారు. ఆమ్ల నేలకు అది పనిచేస్తుంది, కానీ అందులో క్రోమియం, వెనేడియం ఎంతున్నాయో పరీక్షించకుండా తోటకు తోలకూడదు.

నాటిన తర్వాత రెండు జాగ్రత్తలు. యూరియా నేలలో నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది కాబట్టి, ఏటా యూరియా పడే పాదుల్లో రెండు మూడేళ్లకోసారి పీహెచ్ చూసుకోవాలి. వానకు తేలిగ్గా కొట్టుకుపోయే బోరాన్ తగ్గితే కాయలు పగులుతాయి. అయితే నీటి ఎద్దడి తర్వాత ఒక్కసారిగా తడి తగిలినా పగులుతాయి. ఏది కారణమో తేల్చడానికి ఆకు పరీక్ష ఉంది. కొత్త చిగురు కాదు, కొమ్మ మధ్యలోని నాలుగు నుంచి ఏడు నెలల ఆకులు, చెట్టుకు నాలుగు వైపులా కోసి, కాగితపు సంచిలో పంపాలి.