ముప్పై దాటాక మొదలైన ఆట

మా సెక్షన్‌లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరూ "తాతా" అంటారు. పాలిటెక్నిక్ అయ్యాక నాన్నకి ఆరోగ్యం బాగోలేకపోతే రెండేళ్ళు మా కిరాణా షాపు నేనే చూసుకున్నాను. ఆ తర్వాత ఈసెట్ రాసి లేటరల్ ఎంట్రీలో ఇక్కడికి వచ్చాను. థర్డ్ ఇయర్‌లో మిగతావాళ్ళకి 20 ఏళ్ళు, నాకు 23. అంతే తేడా.

మొన్నో ఆదివారం సాయంత్రం ఫుట్‌బాల్‌కి టీములు పంచుకుంటుంటే ఒకడు అన్నాడు, "తాతా, నువ్వు గోల్‌కీపింగ్ చెయ్. నీతో పరుగు కాదులే." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అయితే ఆ రోజు పొద్దున్నే ఒక కంపెనీ ప్లేస్‌మెంట్ నోటీసు చదివి ఉన్నాను. చదువులో గ్యాప్ ఒక ఏడాది దాటకూడదని అందులో రాసుంది. ఆ మాటా ఈ మాటా కలిసి రాత్రంతా బుర్రలో తిరిగాయి. 23 ఏళ్ళకే నేను లేటా? అసలు లేటు అంటే ఎంత?

ఈ ప్రశ్నకి ఫుట్‌బాల్‌లోనే జవాబు వెతికాను. ఎందుకంటే వయసు గురించి ఇంత కఠినంగా మాట్లాడే ఆట ఇంకోటి లేదు. 30 దాటితే "ఇంకెన్నాళ్ళు?" అని అడిగే ఆట ఇది. అలాంటి ఆటలో 30 దాటాకే బాగా ఆడినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకడు పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే.

మూడు తలుపులు మూసుకున్నాక

సునీల్ ఛెత్రి 1984 ఆగస్టు 3న సికింద్రాబాద్‌లో పుట్టాడు. నాన్న ఆర్మీలో, ఈఎంఈ విభాగంలో పనిచేశారు. నిజం చెప్పాలంటే ఛెత్రి ఆట నేర్చుకున్నది ఇక్కడ కాదు. ఆర్మీ పిల్లలందరిలాగే ఊళ్ళు మారుతూ పెరిగాడు. మనది అతని పుట్టిన ఊరు మాత్రమే. అంతకుమించి క్రెడిట్ తీసుకోవడం న్యాయం కాదు.

2005 జూన్‌లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద ఇండియాకి తొలి మ్యాచ్ ఆడాడు, గోల్ కూడా కొట్టాడు. అక్కడి నుంచి అంతా నిచ్చెనే అనుకుంటాం కదా. కానీ 25 నుంచి 28 మధ్య ఏం జరిగిందో చూడండి. 2009లో ఇంగ్లండ్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో ఒప్పందం కుదిరింది. ఫిఫా ర్యాంకుల్లో మన దేశం బాగా కింద ఉందని బ్రిటన్ వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. 2010లో అమెరికాలో కాన్సాస్ సిటీ క్లబ్‌కి వెళ్ళాడు, అక్కడ ఆడే అవకాశమే దాదాపు దొరకలేదు. 2012లో పోర్చుగల్‌లో స్పోర్టింగ్ క్లబ్‌కి వెళ్తే బి టీమ్ దగ్గరే ఆగిపోయింది. తిరిగి ఇండియా వచ్చేశాడు. 2013లో అప్పుడే పెట్టిన బెంగళూరు ఎఫ్‌సీలో చేరాడు.

కథ ఇక్కడితో అయిపోయిందని అప్పుడెవరైనా అని ఉంటే తప్పు పట్టలేం. అప్పటికి అతనికి 29.

ఇప్పుడు 30 తర్వాత లెక్క చూద్దాం. 2017-18 ఐఎస్ఎల్ సీజన్‌లో 33 ఏళ్ళ వయసులో 14 గోల్స్ కొట్టి ఆ సీజన్‌కే ఉత్తమ ఆటగాడయ్యాడు. 2018 జూన్ 1న ముంబైలో చైనీస్ తైపీ మీద హ్యాట్రిక్ కొట్టాడు. స్టేడియంలో ఉన్నది 2,569 మంది. మర్నాడు వీడియోలో, మమ్మల్ని తిట్టడానికైనా సరే మైదానానికి రండి అని జనాన్ని బతిమాలాడు. తర్వాతి మ్యాచ్ కెన్యాతో, అది దేశం తరఫున అతని 100వ మ్యాచ్. టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. వాన కురుస్తుంటే రెండు గోల్స్ కొట్టాడు. ఆ టోర్నీలో నాలుగు మ్యాచుల్లో 8 గోల్స్. టోర్నీ అయ్యేసరికి అతని మొత్తం 64.

ఆ 64 దగ్గర ఆగి ఒక్క తీసివేత చేయండి. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి దేశం జట్టు నుంచి తప్పుకున్నప్పుడు అతని లెక్క 94. అంటే దాదాపు 34 ఏళ్ళు వచ్చాక ఇంకో 30 గోల్స్. వాటిలో 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్ మీద కొట్టిన రెండూ, 2023లో బెంగళూరులో పాకిస్తాన్ మీద కొట్టిన హ్యాట్రిక్కూ ఉన్నాయి.

క్లబ్‌లో మాత్రం ఆపలేదు. 2024 డిసెంబరులో, 40 దాటాక, కేరళ బ్లాస్టర్స్ మీద హ్యాట్రిక్ కొట్టి ఐఎస్ఎల్‌లో ఆ ఘనత సాధించిన అతి పెద్ద వయసు ఆటగాడయ్యాడు. ఆ సీజన్‌లో మొత్తం ఎన్ని గోల్సో తెలుసా? 14. 33 ఏళ్ళప్పుడు ఎన్నో, 40 ఏళ్ళప్పుడూ అన్నే. 2025 మార్చిలో మళ్ళీ దేశానికి ఆడి షిల్లాంగ్‌లో మాల్దీవ్స్ మీద 95వ గోల్ కొట్టాడు.

ఇది అద్భుత కథ కాదని కూడా చెప్పాలి. అతను తిరిగొచ్చినా ఇండియా 2027 ఆసియా కప్‌కి అర్హత సాధించలేకపోయింది. ఒక్కడి వయసు మీద దేశం మొత్తం బరువు పెడితే అలాగే ఉంటుంది.

శరీరం ఇచ్చేది, తీసుకునేది

మరి ఇదెలా సాధ్యం? 30 దాటాక శరీరంలో ముందు తగ్గేది ఒక్కసారిగా ఎత్తుకునే వేగం. రెండోది కోలుకునే వేగం. 22లో మ్యాచ్ ఆడి మర్నాడు మళ్ళీ ఆడొచ్చు. 34లో అదే కండరానికి రెండు మూడు రోజులు కావాలి. ఇది ఎవ్వరికీ తప్పదు.

కానీ ఇంకొకటి పెరుగుతుంది. బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టడం. అది వందల మ్యాచులు ఆడితే తప్ప రాదు. ఛెత్రి ఎత్తు దాదాపు 170 సెంటీమీటర్లే. అయినా తనకంటే ఎత్తైన డిఫెండర్ల మధ్య తలతో ఎన్ని గోల్స్ కొట్టాడో చూడండి. అతను వాళ్ళకంటే ఎత్తు ఎగరడు, వాళ్ళకంటే ముందు ఎగురుతాడు. మన భాషలో చెప్పాలంటే ప్రాసెసర్ పాతబడింది గానీ అల్గారిథమ్ బాగుపడింది.

బయటి ప్రపంచంలోనూ ఇదే కనిపిస్తుంది. కామెరూన్ ఆటగాడు రోజర్ మిల్లా 1990 ప్రపంచకప్‌లో 38 ఏళ్ళకి 4 గోల్స్ కొట్టాడు. నాలుగూ సబ్‌స్టిట్యూట్‌గా దిగి కొట్టినవే. మొత్తం 90 నిమిషాలు పరిగెత్తమని అతన్ని అడగలేదు, చివరి భాగంలో పని అప్పగించారు. లూకా మోద్రిచ్ 2018లో క్రొయేషియాని ప్రపంచకప్ ఫైనల్‌కి తీసుకెళ్ళి, 33 ఏళ్ళకి బాలన్ డోర్ అందుకున్నాడు. అతను ఆడేది మైదానం మధ్యలో. అక్కడ కాళ్ళకంటే ముందు కళ్ళు పరిగెత్తాలి. ఇంగ్లండ్‌లో జేమీ వార్డీ ఒకప్పుడు ఫ్యాక్టరీలో పనిచేస్తూ చిన్న క్లబ్బులకి ఆడాడు. లెస్టర్‌కి వచ్చేసరికి 25. ప్రీమియర్ లీగ్ టాప్ స్కోరర్ అయింది 33 ఏళ్ళకి.

మన హైదరాబాద్‌లోనే 1935లో పుట్టిన పీటర్ తంగరాజ్ సంగతి నాకు ఇంకా నచ్చింది. ఆర్మీ జట్టులో ఫార్వర్డ్‌గా మొదలై గోల్‌కీపర్‌గా మారారు. 1956, 1960 ఒలింపిక్స్ ఆడారు. 1967లో 30 దాటాక అర్జున అవార్డు వచ్చింది. 70ల మొదట్లో దాకా ఆట వదల్లేదు. గోల్‌కీపింగ్ చెయ్యమని నన్ను వెక్కిరించినవాడికి ఈ పేరా అంకితం.

వీళ్ళెవ్వరూ వయసుని ఓడించలేదు. వయసు తీసుకుపోయినదాన్ని వదిలేసి, ఇచ్చినదాన్ని వాడుకున్నారు.

అమ్ముగూడ అబ్బాయి

ఇక్కడితో ఆపితే ఇది మోటివేషన్ వాట్సాప్ ఫార్వర్డ్ అయిపోతుంది. అందుకే ఇంకో సికింద్రాబాద్ ఆటగాడి గురించి చెప్పాలి.

తులసీదాస్ బలరాం గారు 1936లో అమ్ముగూడలో పుట్టారు. మనలో చాలామంది ఆ స్టేషన్ పేరు ఎంఎంటీఎస్ బోర్డు మీద చూసుంటారు గానీ ఈ పేరు విని ఉండరు. నేనూ మొన్నటిదాకా వినలేదు. పేదింటి పిల్లవాడు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి అది స్వర్ణయుగం. సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ రహీం గారే బలరాంని గుర్తించారు.

20 ఏళ్ళకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. అక్కడ ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్‌లో హంగేరీ మీద గోల్, పెరూ మీద గోల్. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులో ఆయన ఉన్నారు.

మరుసటి ఏడాది 1963లో ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఆట మానేయాల్సి వచ్చింది. అప్పటికి 27 ఏళ్ళు కూడా సరిగ్గా లేవు. ఛెత్రికి విదేశీ తలుపులు మూసుకున్న వయసుకి బలరాం గారికి మైదానమే మూసుకుంది. అదే ఏడాది జూన్‌లో రహీం గారు క్యాన్సర్‌తో పోయారు. బలరాం గారు తర్వాత బెంగాల్‌లోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో 86వ ఏట కన్నుమూశారు. ఇన్నేళ్ళు బతికిన మనిషికి ఆటలో మిగిలింది ఏడెనిమిదేళ్ళే.

33 ఏళ్ళ బలరాం ఎలా ఆడేవారో ఎవరికీ తెలీదు. తెలిసే అవకాశం రాలేదు. ఆ రోజుల్లో ఆటగాడి వెంట ఫిజియో, ఆహార నిపుణుడు ఉండేవారు కాదు. 1970 దాకా ప్రపంచకప్‌లోనే సబ్‌స్టిట్యూట్లు లేరు, దెబ్బ తగిలినా చివరిదాకా నిలబడాల్సిందే. ఇవాళ ఐదుగురిని మార్చొచ్చు. ఛెత్రి పట్టుదల గొప్పదే, అందులో అనుమానం లేదు. దానికి తోడు అతని కాలం అతనికి సాయం చేసింది.

అందుకే నాకు అర్థమైంది ఇది. 30 తర్వాత బాగా ఆడాలంటే ముందు 30 దాకా మైదానంలో ఉండాలి. అందులో సగం మన చేతిలో ఉంటుంది, సగం ఉండదు. లేటుగా వచ్చినవాడిని చూసి నవ్వే ముందు, అసలు రాలేకపోయినవాళ్ళు కూడా ఉంటారని గుర్తుపెట్టుకోవాలి.

మన సంగతి

ఇదంతా చదివాక నా గ్యాప్ మాయమైపోలేదు. ఆ కంపెనీ రూలూ మారలేదు, దానికి నేను అప్లై చేయలేను. కానీ వేరే ఇంకో ఫారంలో "గ్యాప్‌లో ఏం చేశారు?" అనే గడి ఉంది. ఇంతకుముందైతే "కుటుంబ కారణాలు" అని రాసి తప్పించుకునేవాణ్ణి. ఈసారి ఉన్నదున్నట్టు రాశాను. రెండేళ్ళు షాపు నడిపాను, స్టాకు చూశాను, ఉద్దెర ఖాతాలు కంప్యూటర్‌లోకి ఎక్కించాను, అప్పు అడిగేవాళ్ళతో గొడవ పడకుండా మాట్లాడటం నేర్చుకున్నాను. రాసి చూసుకుంటే అది ఖాళీలా అనిపించలేదు.

మీలో కూడా నాలాంటి వాళ్ళు ఉంటారు. లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఏడాది పోయినవాళ్ళు, డిటెయిన్ అయినవాళ్ళు, బ్యాక్‌లాగ్స్ మోస్తున్నవాళ్ళు. మీకు తప్పకుండా మంచి రోజులొస్తాయని నేను మాటివ్వలేను. బలరాం గారి కథ చదివాక ఇవ్వబుద్ధి కావడం లేదు కూడా. మైదానం వదిలిపోకండి అని మాత్రం చెప్పగలను. నిద్ర, తిండి, మోకాళ్ళు, వెన్నెముక, వీటిని 21లోనే చూసుకోండి. రాత్రి మూడింటిదాకా రీల్స్ చూసి పొద్దున "బాడీ సహకరించట్లేదు రా" అంటే తప్పు బాడీది కాదు.

పోయిన ఆదివారం మళ్ళీ ఆడాం. నేను గోల్‌పోస్ట్ దగ్గరే నిలబడ్డాను. ఈసారి నేనే అడిగి నిలబడ్డాను. మూడు ఆపాను, రెండు వదిలేశాను. మ్యాచ్ అయ్యాక ఆ రోజు నవ్వినవాడే వచ్చి, "తాతా, వాడు అటే కొడతాడని నీకెట్లా తెలిసింది?" అన్నాడు.

చూస్తూ ఉంటే తెలుస్తుంది రా, అన్నాను. వచ్చే ఆదివారం మీరూ రండి. పది నిమిషాలు ముందొచ్చి వార్మప్ చేయడం మాత్రం మర్చిపోకండి.